పండు రుచి వేరు, పంచదార తీపి వేరు

సంపాదకులకు నమస్కారం.

రెడ్ వైన్ రుచి చూడడం గురించి మీ ఆదివారం సంచికలో వచ్చిన వ్యాసం శ్రద్ధగా రాసిందే. అయితే అందులో మూడు మాటలు పాఠకుల్ని పక్కదారి పట్టిస్తాయి. రెడ్ వైన్‌ని ఎప్పుడూ గది ఉష్ణోగ్రత దగ్గరే తాగాలన్నారు. గ్లాసు గోడల మీంచి మెల్లగా జారే చారలు మేలురకానికి గుర్తన్నారు. బాగా పండిన పళ్ల వాసన గుప్పుమనే వైన్లన్నీ తియ్యటివేననీ, తెలిసినవాళ్లు వాటి జోలికి పోరనీ అన్నారు.

చారల సంగతి చిన్నది, ఇక్కడే తేల్చేస్తాను. నీటికన్నా ఆల్కహాల్ త్వరగా ఆవిరవుతుంది. గోడకి అంటిన పలచని పొరలో ఆల్కహాల్ తగ్గేకొద్దీ తలతన్యత పెరిగి, ఆ పొర కింద ఉన్న వైన్‌ని పైకి లాగుతుంది. బరువెక్కాక అదే చారలై జారుతుంది. దాన్నిబట్టి ఆల్కహాల్ ఎక్కువో తక్కువో కొంత తెలుస్తుంది గానీ వైన్ మంచిదో కాదో తెలియదు. మిగతా రెండు మాటలు మాత్రం మంచి సీసాని చేజేతులా పాడుచేసుకునేంత పెద్దవి.

పండు ముందుకొచ్చే రెడ్ వైన్‌కి బరోసా షిరాజ్‌ని, అంటే బరోసాలో షిరాజ్ అనే నల్లద్రాక్షతో చేసే వైన్‌ని, మించిన నమూనా దొరకదు. అడిలైడ్, మెల్‌బోర్న్ నుంచి వచ్చే మనవాళ్ల పెట్టెల్లో తరచూ కనబడే సీసాల్లో అదీ ఒకటి కనుక ఉదాహరణగా దాన్నే తీసుకుంటున్నాను. బరోసా దక్షిణ ఆస్ట్రేలియాలో, అడిలైడ్‌కి ఈశాన్యంగా ఉంది. మధ్య యూరప్‌లోని సైలీషియా ప్రాంతం నుంచి వచ్చిన జర్మన్ మాట్లాడే కుటుంబాలు 1842లో అక్కడ స్థిరపడ్డాయి. ద్రాక్ష వేళ్లని తినేసే ఫిలాక్సెరా పురుగు యూరప్ తోటల్ని నాశనం చేసింది గానీ దక్షిణ ఆస్ట్రేలియాలో అడుగుపెట్టలేదు. అందుకే 1840ల్లో నాటిన తీగలు కొన్ని, వేరే వేళ్లకి అంటు కట్టకుండా, సొంత వేళ్ల మీదే నిలబడి ఇప్పటికీ కాపు కాస్తున్నాయి. 2009లో బరోసా వాళ్లు తీగల వయసుకి తరగతులు పెట్టుకున్నారు: 35 ఏళ్లు నిండితే ఓల్డ్, 70కి సర్వైవర్, 100కి సెంటెనేరియన్, 125కి యాన్సెస్టర్. లోయ అడుగున, ముఖ్యంగా ఉత్తరాన గ్రీనాక్, ఎబెనీజర్ వైపు, వైన్ చిక్కగా నల్లని పళ్ల రుచితో వస్తుంది. పక్కనే ఎత్తు మీదున్న ఈడెన్ వ్యాలీలో చలి ఎక్కువ కాబట్టి పులుపు నిలుస్తుంది, మిరియాల ఘాటు పైకొస్తుంది. ఆ ఘాటు పోలిక కోసం చెప్పింది కాదు. మన మిరియాల్లో ఉండే రోటుండోన్ అనే పదార్థమే షిరాజ్‌లోనూ ఉందని ఆస్ట్రేలియా పరిశోధకులు 2008లో ప్రకటించారు. అయిదుగురిలో ఒకరికి ఆ వాసన అసలు తెలియదు. కాబట్టి పక్కవాళ్లకి మిరియాలు తెలిసి మీకు తెలియకపోతే వాదించుకోనక్కర్లేదు.

పండడం అంటే ఏమిటో తెలిస్తే గ్లాసులో ఏం వెతకాలో తెలుస్తుంది. ద్రాక్ష పండేకొద్దీ చక్కెర పెరుగుతుంది, పులుపు తగ్గుతుంది, తొక్కలో గింజల్లో వగరు మెత్తబడుతుంది. రసంలో చక్కెర శాతాన్ని చెప్పే కొలత బ్రిక్స్. 24 బ్రిక్స్ దగ్గర కోస్తే ఆల్కహాల్ 14 శాతం దగ్గరకొస్తుంది, 27 దాకా ఆగితే 16 అటూ ఇటూ అవుతుంది. షిరాజ్‌కి ఒక ప్రత్యేక స్వభావం ఉంది. పూత తర్వాత సుమారు మూడు నెలలకి కాయ బరువు గరిష్ఠానికి చేరుతుంది. ఆ తర్వాత తీగ మీదే నీరు కోల్పోయి ముడతలు పడుతుంది. అక్కణ్ణుంచి చక్కెర శాతం పెరిగేది ఎక్కువగా నీరు తగ్గడం వల్లే. ఆ దశలో పది రోజులు ఆలస్యమైతే తాజా పండు వాసన పోయి ఎండు ఆల్‌బుఖరా, కిస్మిస్ వాసన వస్తుంది. దాన్నే ఆస్ట్రేలియా తయారీదారులు డెడ్ ఫ్రూట్ అంటారు. కాలిఫోర్నియాలో పండే జిన్‌ఫాండెల్ అనే ద్రాక్షది ఇంకో రకం చిక్కు. ఒకే గుత్తిలో పచ్చికాయ, పండు, ఎండిపోయిన కాయ మూడూ ఉంటాయి. పిండిన రోజు కొలిచిన చక్కెర, ఎండు కాయలు రసంలో నానిన రెండో రోజుకి పెరిగిపోతుంది. తయారీదారు అనుకోని ఆల్కహాల్ అలా వస్తుంది.

కాబట్టి పండు ఎక్కువగా ఉందా అన్నదొక్కటే అడిగితే చాలదు. ఏ దశ పండు, దాని కింద ఏముంది అన్నవే అసలు ప్రశ్నలు. వాసన చూసేటప్పుడు నేను ఒక వరుస మనసులో పెట్టుకుంటాను: తాజా నేరేడు, బాగా మాగిన నేరేడు, జామ్, ఎండు ఆల్‌బుఖరా, ఖర్జూరం. మొదటి మూడింటి మధ్య ఎక్కడున్నా వైన్ ఆరోగ్యంగా ఉన్నట్టే. నాలుగోది ఛాయగా ఉంటే లోతు. అదొక్కటే మిగిలితే మిగలముగ్గిన పండు. బ్లాక్‌బెర్రీ, బాయ్‌సెన్‌బెర్రీ అంటూ మనం ఎన్నడూ తినని పళ్ల పేర్లు వల్లించడంకన్నా తెలిసిన పండుతో గుర్తుపెట్టుకుంటే రేపు ఇంకో సీసా తెరిచినప్పుడు ఆ గుర్తు పనికొస్తుంది. కొన్ని సీసాల్లో స్పష్టంగా నీలగిరి తైలం వాసన వస్తుంది. తోట పక్కన యూకలిప్టస్ చెట్లుంటే ఆ తైలం కాయ తొక్క మీద చేరుతుంది, రాలిన ఆకులు గుత్తులతో పాటు తొట్టిలో పడితే ఇంకా ఎక్కువవుతుంది. అది దోషం కాదు.

ఇక చల్లదనం. గది ఉష్ణోగ్రత అన్న మాట చలిదేశపు రాతి ఇళ్లలో పుట్టింది, అక్కడ గది 16 నుంచి 18 డిగ్రీలు. విజయవాడలో ఏప్రిల్ నెల గది 33. పదిహేను శాతం ఆల్కహాల్ ఉన్న షిరాజ్‌ని ఆ వేడిలో పోస్తే ముక్కుకి ముందు తగిలేది స్పిరిట్ ఆవిరి. పండు దాని వెనక దాక్కుంటుంది, పులుపు మొద్దుబారుతుంది, వైన్ పాకంలా అనిపిస్తుంది. పండిన వైన్లు తీపనీ బరువనీ చాలామంది అనుకోడానికి సగం కారణం ఈ వేడే. 15 నుంచి 17 డిగ్రీల మధ్య పోయండి. ఐసు, నీళ్లు సమంగా ఉన్న బకెట్లో సీసాని మెడదాకా ముంచితే పావుగంట నుంచి ఇరవై నిమిషాలు, ఫ్రిజ్ కింది అరలో అయితే గంటన్నర నుంచి రెండు గంటలు. ఐసు ఒక్కటే వేస్తే ముక్కల మధ్య గాలి ఉండి ఆలస్యమవుతుంది. రాత్రంతా ఫ్రిజ్‌లో మర్చిపోతే 5 డిగ్రీల దగ్గర వాసన మూసుకుపోయి వగరు గరగరలాడుతుంది, అరగంట బయట ఉంచాలి. మన వేసవిలో గ్లాసులో వైన్ త్వరగా వేడెక్కుతుంది కాబట్టి ఒకసారి 50 మి.లీ. మించి పోయకండి. పరీక్షకి వాడే, అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ (ఐఎస్ఓ) కొలతల గ్లాసు 215 మి.లీ. అటూ ఇటూ పడుతుంది, అందులో కూడా 50 మి.లీ.నే పోస్తారు. పొట్ట వెడల్పుగా, మూతి ఇరుగ్గా ఉన్న గ్లాసు ఏదైనా సరే. సబ్బు వాసన, తుడిచిన గుడ్డ వాసన లేకుండా చూసుకోవడం ముఖ్యం. ఆ గంటా గదిలో అగరొత్తి, సాంబ్రాణి వద్దు. జర్దా, వక్కపొడి, కాఫీ తర్వాత కనీసం అరగంట ఆగాలి.

పండు తీపికీ పంచదార తీపికీ తేడా కనిపెట్టడం చాలా తేలిక. ముక్కు గట్టిగా మూసుకుని ఒక గుక్క నోట్లోకి తీసుకోండి. అయిదు క్షణాలు నాలుక మీద తిప్పండి. ఇంతకుముందు తీపనిపించింది ఇప్పుడు లేకపోతే అది వాసన చేసిన పని, మాగిన పండు వాసనని మెదడు తీపిగా లెక్కేసుకుంటుంది. ముక్కు మూసినా నాలుక మీద తీపి నిలిస్తే అది చక్కెర. ఆల్కహాల్ కూడా కాస్త తియ్యగా ఉంటుంది కాబట్టి 15 శాతం వైన్‌లో కొద్దిపాటి మెత్తదనం మిగలడం సహజం. ఉమ్మేశాక పెదవుల్ని నాలుకతో తడిమి చూడండి, జిగురుంటే చక్కెర ఉన్నట్టే. యూరప్ లెక్క ప్రకారం లీటరుకి 4 గ్రాముల లోపు చక్కెర ఉంటే డ్రై, అంటే తీపి లేని వైన్. మంచి బరోసా షిరాజ్ సాధారణంగా ఆ లోపే ఉంటుంది. అంగట్లో చవగ్గా దొరికే కొన్ని పెద్ద బ్రాండ్ల రెడ్ వైన్లలో మాత్రం లీటరుకి 8, 10, అంతకన్నా ఎక్కువ గ్రాములు కావాలనే ఉంచుతారు. పచ్చి రుచినీ పలచదనాన్నీ అది కప్పేస్తుంది.

నాలుకకి ఆ కొలత అలవాటు కావాలంటే డ్రై వైన్ 100 మి.లీ.లో 1 గ్రాము పంచదార పూర్తిగా కరిగించండి. అది లీటరుకి 10 గ్రాములతో సమానం. అందులో సగం తీసి, అంతే మామూలు వైన్ కలిపితే 5 గ్రాములు. ఏమీ కలపనిది మూడోది. మూడింటినీ ఇంట్లో ఎవరిచేతైనా తారుమారు చేయించి ముక్కు మూసుకుని చూడండి. అయిదు గ్రాముల దగ్గర చాలామంది తడబడతారు, పది దగ్గర తప్పు పోదు. రెండు మూడు సార్లు చేశాక నాలుక మాట నమ్మవచ్చు.

పండు కింద మొదట వెతకవలసింది పులుపు. మింగాక గానీ ఉమ్మాక గానీ తల కాస్త ముందుకి వంచి దవడల లోపల ఎంత నీరూరుతుందో చూడండి. నీరూరకపోతే ఎంత పండు ఉన్నా రెండో గ్లాసు బరువవుతుంది. వేడి ప్రాంతాల్లో పులుపు తీగ మీదే తగ్గిపోతుంది కాబట్టి టార్టారిక్ ఆమ్లం కలపడానికి ఆస్ట్రేలియా చట్టం ఒప్పుకుంటుంది. ఆల్కహాల్ పెంచడానికి పంచదార కలపడానికి మాత్రం ఒప్పుకోదు. ఆమ్లాన్ని పులియకముందే కలిపితే బాగా ఇమిడిపోతుంది. చివర్లో సరిదిద్దబోతే పండు ఒకవైపు, పులుపు ఒకవైపు విడివిడిగా ఉండి చివరికి నాలుక అంచుల్లో పదునుగా గుచ్చుకుంటుంది. పులుపు కరువైన వైన్‌కి ఇంకో ప్రమాదం ఉంది. పులుపు తగ్గితే పీహెచ్ అనే కొలత పెరుగుతుంది. అది 3.5 నుంచి 3.8కి పెరిగితే, సూక్ష్మజీవుల నుంచి అదే రక్షణ కోసం దాదాపు రెట్టింపు సల్ఫర్ డయాక్సైడ్ కావాలి. అది చాలకపోతే బ్రెట్ అనే ఈస్ట్ చేరి గుర్రపుశాల వాసన, గాయానికి అంటించే ప్లాస్టర్ వాసన తెస్తుంది. మిగలముగ్గిన ద్రాక్షతో చేసిన వైన్లలో ఆ దోషానికి తావు ఎక్కువ.

తర్వాత వగరు. చిగుళ్ల మీద, బుగ్గల లోపల దాని జాడ వెతకాలి. ఎంత ఉందన్నదానికన్నా ఎలాంటిదన్నది ముఖ్యం. మెత్తని పొడిలా నోరంతా సమంగా పరుచుకుంటే తొక్క బాగా పండిందన్నమాట. నోటి మధ్యలో పండు మెత్తగా ఉండి చివర పచ్చి అరటికాయ కొరికినట్టు పట్టేస్తే గింజ వగరో, వైన్‌ని ఉంచిన కొత్త పీపా చెక్క వగరో అయివుంటుంది. అసలు వగరే లేకపోతే వైన్ నోట్లో నిలబడదు, జారిపోతుంది.

ఆల్కహాల్‌ని లేబుల్ మీద అంకె చూసి తీర్పు చెప్పకండి. ఆస్ట్రేలియాలో లేబుల్ అంకెకి ఒకటిన్నర శాతం దాకా అటూ ఇటూ ఉండవచ్చు. ఉమ్మేశాక నోరు మూసి ముక్కుతో ఊపిరి వదలండి. గొంతులో, ఛాతీ పైభాగంలో మంట తగిలితే ఆల్కహాల్ మిగతావాటిని మించిపోయింది. 15.5 శాతం ఉండి కూడా మంట తెలియని సీసాలున్నాయి, 14 దగ్గరే మండేవీ ఉన్నాయి. శరీరానికి మాత్రం అంకె అంకే: 150 మి.లీ. గ్లాసులో 12 శాతం వైన్ అయితే 14 గ్రాముల ఆల్కహాల్, 15 శాతమైతే 18. రుచి పరీక్ష చేసేవాళ్లు ఉమ్మడం నామోషీ అనుకోకూడదు. మూడో గ్లాసు మింగాక చెప్పే తీర్పుకి విలువ లేదు.

చెక్క విషయంలో బరోసాకి సొంత అలవాటుంది. అమెరికన్ ఓక్ పీపాల్లో షిరాజ్‌ని పెంచడం అక్కడ పాత పద్ధతి. పెన్‌ఫోల్డ్స్ కంపెనీలో వైన్ తయారీదారు మాక్స్ షూబర్ట్ 1951లో గ్రేంజ్ అనే పేరుమోసిన షిరాజ్‌ని మొదటిసారి ప్రయోగంగా చేసినప్పుడు వాడింది కూడా కొత్త అమెరికన్ ఓక్ పీపాలే. ఆ చెక్కలోని లాక్టోన్లు అనే పదార్థాలు కొబ్బరి వాసన, వెనిలిన్ వెనిల్లా వాసన ఇస్తాయి. ఫ్రెంచ్ ఓక్‌లో లవంగం, కాల్చిన చెక్క ఛాయలు ముందుంటాయి. ఎంత కొబ్బరి ఉందని కొలవక్కర్లేదు. ఉమ్మాక మనసులో లెక్క పెట్టండి, ఏది ఆఖరిదాకా మిగిలిందో చూడండి. ఇరవై లెక్కపెట్టేసరికి పండు ఇంకా ఉంటే నా లెక్కలో మంచి వైన్. పది లోపే పండు ఆరిపోయి వెనిల్లా ఒక్కటే తిరుగుతుంటే చెక్క గెలిచింది, ద్రాక్ష ఓడింది.

దోషాల్లో మనకి ఎక్కువగా ఎదురయ్యేది వేడి దెబ్బ. పెట్టె విమానం దిగాక కారు డిక్కీలో గడిపిన మధ్యాహ్నం, దుకాణంలో ఏసీ ఆపేసిన రాత్రులు, ఇంట్లో ఫ్రిజ్ మీదో అటక మీదో పెట్టిన నెలలు చాలు. కార్క్ సీసా అయితే కార్క్ పైకి ఉబికి, కింద జిగురు చార కనబడుతుంది. బరోసా సీసాలు చాలావరకు స్క్రూ మూతతో వస్తాయి. వాటిలో తడిసిన అట్టపెట్టె వాసన తెచ్చే కార్క్ దోషం దాదాపు ఉండదు గానీ, వేడి తగిలిన గుర్తూ బయటికి కనబడదు. రుచిలోనే పట్టుకోవాలి. మిగలముగ్గిన ద్రాక్ష వైన్, ఉడికిపోయిన వైన్ రెండూ కిస్మిస్ వాసనే కొడతాయి, చాలామంది ఇక్కడే పొరబడతారు. గ్లాసుని తెల్లకాగితం మీదికి వంచి అంచు చూడండి. మూడేళ్ల లోపు షిరాజ్ అంచు ఊదారంగులో ఉండి, నోట్లో చిక్కదనం, ఆల్కహాల్ ఎక్కువగా ఉంటే తోటలో ఆలస్యంగా కోశారు. అంచు అప్పుడే ఇటుకరంగుకి తిరిగి, మధ్యలో రుచి బోలుగా ఉంటే తప్పు తోటది కాదు, సీసా దారిలో ఉడికింది. అదే వైన్ ఇంకోచోట కొన్న సీసాతో పోలిస్తే సందేహం తీరిపోతుంది. నెయిల్ పాలిష్ రిమూవర్ వాసన ఇంకో దోషం, అది ఇథైల్ అసిటేట్. లేశమాత్రంగా ఉంటే పండు వాసనని పైకి లేపుతుంది, అదే ముందు తగిలితే సీసా పక్కన పెట్టడమే. స్క్రూ మూత తీయగానే అగ్గిపుల్ల గీసినట్టు వాసనొస్తే మాత్రం కంగారు పడొద్దు. గ్లాసులో పదిసార్లు గట్టిగా తిప్పితే చాలావరకు పోతుంది.

అంకెలు వేసే అలవాటున్నవాళ్లకి ఒక మాట. ఆస్ట్రేలియా పోటీల్లో పాత 20 మార్కుల పద్ధతిలో రంగుకి 3, వాసనకి 7, రుచికి 10 ఉండేవి. ఆ నిష్పత్తి నాకు ఇప్పటికీ న్యాయంగా తోస్తుంది, ఎందుకంటే పండిన వైన్ వాసనతో ఎంత మురిపించినా సగం మార్కులు నోట్లోనే తేలాలి. వరుసగా ఎక్కువ గ్లాసులు చూస్తే నాలుక అలిసి, అందరికన్నా చిక్కటిదే అందరికన్నా మంచిదిగా కనబడుతుంది. పూటకి ఆరు చాలు. పలచటివి ముందు, చిక్కటివి తర్వాత పెట్టండి, ఆఖర్న మొదటిదాన్ని మళ్లీ చూడండి. మన నాసిక్‌లో తయారయ్యే షిరాజ్‌ని కూడా ఈ వరుసలోనే, లేబుల్ కనబడకుండా, ఇవే ప్రశ్నలతో చూడాలి.

భోజనంతో తాగడం వేరే పని, పరీక్షతో కలపకండి. మిరపలోని కాప్సైసిన్ నోట్లో ఏ నొప్పి గ్రాహకాన్ని రేపుతుందో ఆల్కహాల్ కూడా దాన్నే రేపుతుంది. అందుకే గుంటూరు కారం వేసిన వేటమాంసం పులుసుతో 15 శాతం షిరాజ్ తాగితే రెండు మంటలూ కలిసి పండు కనబడకుండా పోతుంది. కారం తగ్గించి మిరియాలు దంచి వేసిన వేపుడు, బొగ్గుల మీద కాల్చిన మాంసం దీనికి సరైన జోడీ. వైన్ ఇంకో రెండు డిగ్రీలు చల్లగా ఉంటే మేలు.

చివరి పరీక్ష మర్నాడు. సగం సీసా మిగిల్చి మూత బిగించి ఫ్రిజ్‌లో పెట్టండి. మరుసటి సాయంత్రం మళ్లీ 16 డిగ్రీలకి తెచ్చి చూడండి. పండు కాస్త తగ్గినా పులుపు, వగరు దాన్ని పట్టి నిలబెడితే ఆ వైన్ ఇంకొన్నేళ్లు ఉంచదగ్గది. పండు కూలిపోయి ఆల్కహాల్, చెక్క మాత్రమే మిగిలితే అదే సంవత్సరపు మిగతా సీసాల్ని ఈ ఏడే తాగేయండి.

వ్యాసం కింద ఇచ్చిన సూచనల పెట్టెలో 'గది ఉష్ణోగ్రత' అన్నచోట '15 నుంచి 17 డిగ్రీలు' అని సవరణ వేయవలసిందిగా కోరుతున్నాను. ఆ పెట్టెని కత్తిరించి దాచుకునే పాఠకులున్నారు.

ఇట్లు,
వైన్ రుచి పరీక్షలో పనిచేసే ఒక పాఠకుడు,
హైదరాబాద్